వీధికి పర్మిట్ పార్కింగ్, పక్కనే కొత్త సెకండరీ స్కూల్: కౌన్సిల్‌కి మీ మాట ఎలా చెప్పాలి

ఇంగ్లండ్‌లో ఇల్లు తీసుకున్న కొత్తలో నేను చేసిన తెలివితక్కువ పని ఒకటి చెప్పి మొదలుపెడతాను. లెటర్ బాక్సులోంచి రోజూ పడే పిజ్జా మెనూలు, ఇళ్ల ఏజెంట్ల కార్డులతో పాటు కౌన్సిల్ (ఇక్కడి మున్సిపాలిటీ లాంటిది) ముద్ర ఉన్న కాగితం ఒకటి వచ్చింది. మీ ప్రాంతంలో పార్కింగ్ మీద మీ అభిప్రాయం చెప్పండి అని ఉంది. ఆఫీసు హడావుడిలో అన్నిటితో కలిపి దాన్నీ రీసైక్లింగ్ డబ్బాలో వేశాను. ఏడాది తిరగకముందే వీధంతా తెల్లగీతలు, బోర్డులు. సోమవారం నుంచి శనివారం దాకా పగలంతా పర్మిట్ ఉన్నవాళ్లకే. ఆ వేసవిలో అమ్మానాన్నా వచ్చి ఆరు నెలలు ఉన్నారు. వాళ్లను చూడ్డానికి వచ్చిన ప్రతి చుట్టానికీ కారు ఆపుకోవడానికి విజిటర్ వోచర్ గీకి ఇవ్వడమే నా పనైపోయింది.

కొన్నాళ్లకు మా ఇంటికి కూతవేటు దూరంలో కొత్త సెకండరీ స్కూల్ కడతామన్నారు. పార్కింగ్ వేళలు కూడా మారుస్తామన్నారు. ఈసారి కాగితం పారేయలేదు. అప్పుడు తెలుసుకున్నవే ఇక్కడ రాస్తున్నాను. ఇది ఇంగ్లండ్ పద్ధతి. స్కాట్లండ్, వేల్స్‌లో ఉన్నవాళ్లు అక్కడి నిబంధనలు చూసుకోవాలి.

ముందు ఆ కాగితం దేని గురించో తేల్చుకోండి

వీధిలో అందరం చేసే పొరపాటు ఒకటే. పార్కింగ్, స్కూల్ రెండూ కలిపి ఒకే గొడవ అనుకుంటాం. ఇంటి ముందు నిలబడి చూస్తే ఒకటే గొడవ, కాదనను. కౌన్సిల్‌లో మాత్రం అవి రెండు ఫైళ్లు. వేరే మనుషులు చూస్తారు, వేరే చట్టాల కింద చూస్తారు. స్కూల్ ప్లానింగ్ అప్లికేషన్ కింద "పర్మిట్ ఫీజు దారుణం" అని రాస్తే ఆ వాక్యం వృథా. పార్కింగ్ ఫారంలో "స్కూల్ ఎత్తు మూడంతస్తులు వద్దు" అని రాసినా అంతే. మా వీధిలో చాలామంది ఎంతో కష్టపడి రాసిన ఉత్తరాలు ఇలాగే తప్పు గడపలో పడ్డాయి.

పార్కింగ్ కాగితాల్లో రెండు రకాలు. మొదటిది ప్రశ్నల ఫారం. జోన్ (పర్మిట్ ఉన్నవాళ్లే కారు ఆపుకోగల ప్రాంతం) కావాలా వద్దా, ఏ వేళలు కావాలి అని అడుగుతుంది. ఇది ఒక రకంగా ఓటు లాంటిది. చాలా కౌన్సిళ్లు వీధివారీగా లెక్క చూసుకుంటాయి. రెండోది అసలు నోటీసు. 1984 నాటి రోడ్ ట్రాఫిక్ రెగ్యులేషన్ చట్టం కింద పార్కింగ్ నిబంధనల ఆర్డర్ పెట్టే ముందు ఇది ఇవ్వాలి. వీధి దీపం స్తంభానికి ప్లాస్టిక్ కవరులో కట్టి ఉంటుంది, లోకల్ పేపర్లో చిన్న అక్షరాల్లో పడుతుంది. అభ్యంతరం చెప్పడానికి కనీసం 21 రోజులు ఇస్తారు. ఇక్కడ చేతులెత్తి లెక్కపెట్టడం ఉండదు. కారణం రాయాలి, రాతపూర్వకంగా రాయాలి. "వద్దు" అని ఊరుకుంటే చాలదు.

మొదటి దశలో మాట్లాడటం తేలిక, మార్పు రావడమూ తేలికే. రెండో దశకు వచ్చేసరికి వాళ్ల మనసు దాదాపు ఖాయమై ఉంటుంది. అందుకే ఆ మొదటి ఫారం వచ్చినరోజే ఆఖరి తేదీ ఫ్రిజ్ మీద అంటించండి.

స్కూల్ వైపు మూడు గడపలున్నాయి. కొత్త స్కూళ్లు ఎక్కువగా అకాడెమీలుగానే వస్తున్నాయి, అంటే ప్రభుత్వ డబ్బుతో, కౌన్సిల్ కాకుండా ట్రస్ట్ నడిపే స్కూళ్లు. వాటిని నడిపే ట్రస్ట్ 2010 అకాడెమీల చట్టం ప్రకారం ముందుగా స్థానికుల అభిప్రాయం అడగాలి. అది ఒకటి. బిల్డింగ్ కోసం పెట్టే ప్లానింగ్ అప్లికేషన్ రెండోది. దీనికీ మామూలుగా 21 రోజులే. ఎవరికి సీటివ్వాలన్న అడ్మిషన్ నిబంధనలు మూడోది. నడుస్తున్న స్కూల్ వీటిని మార్చాలనుకుంటే అక్టోబర్ 1 నుంచి జనవరి 31 లోపు కనీసం 6 వారాలు జనాన్ని అడగాలి. కారు గురించి మాట్లాడాల్సింది రెండో గడపలో. పిల్లల సీటు గురించైతే మొదటిదీ మూడోదీ.

"మనం వీసా మీద ఉన్నాం కదా అన్నా, మనకెందుకు?"

ఇదే మాట నాతో పక్క వీధి తమ్ముడొకడు అన్నాడు. నలుగురు కుర్రాళ్లు కలిసి అద్దెకుంటున్న ఇల్లు, వాళ్లకు మూడు కార్లు. నిజానికి ఆ వీధిలో అందరికన్నా ఎక్కువ దెబ్బ తగిలేది వాళ్లకే.

అభిప్రాయం చెప్పడానికి పౌరసత్వం అక్కర్లేదు, సొంత ఇల్లూ అక్కర్లేదు. అద్దెకున్నవాళ్లూ, స్టూడెంట్లూ, వర్క్ వీసా మీద ఉన్నవాళ్లూ ఆ ఫారం నింపొచ్చు. ప్లానింగ్ అప్లికేషన్ మీద ఎవరైనా కామెంట్ పెట్టొచ్చు. దానివల్ల వీసాకి ఏమీ కాదు. ఇంకో సంగతి చాలామందికి తెలీదు. భారత పౌరులు కామన్వెల్త్ దేశస్థులు కాబట్టి, చట్టబద్ధంగా ఇక్కడ నివసిస్తుంటే ఓటరుగా నమోదు చేసుకోవచ్చు, కౌన్సిల్ ఎన్నికల్లోనూ పార్లమెంటు ఎన్నికల్లోనూ ఓటు వేయొచ్చు. మీ పేరు ఆ జాబితాలో ఉంటే కౌన్సిలర్‌కి రాసే ఈమెయిల్‌కి బరువు దానంతటదే పెరుగుతుంది.

కౌన్సిలర్‌ని నేరుగా కలవాలంటే "సర్జరీ"కి వెళ్లాలి. ఆపరేషన్ ఏమీ కాదు, భయపడకండి. నెలలో ఏదో ఒక శనివారం లైబ్రరీలోనో కమ్యూనిటీ హాల్లోనో కూర్చుంటారు. మన దగ్గర పొద్దున్నే కార్పొరేటర్ ఇంటి ముందు జనం నిలబడ్డట్టే, కాకపోతే ఇక్కడ క్యూలో ముగ్గురుంటారు.

నోట్‌బుక్ పట్టుకుని లెక్కపెట్టండి

ఇక అసలు పని. "పార్కింగ్ చాలా కష్టంగా ఉంది" అని వందమంది రాస్తారు. "మంగళవారం ఉదయం 8:35కి మా వీధిలో 42 చోట్లకు 40 నిండాయి, మూల దగ్గర రెండు కార్లు డబుల్ యెల్లో లైన్ (ఎప్పుడూ కారు ఆపకూడని జంట పసుపు గీత) మీద ఉన్నాయి" అని రాసేది ఒక్కరే. ఆ ఒక్కరి కాగితమే ఆఫీసర్ రిపోర్టులోకి ఎక్కుతుంది.

లెక్క ఎలా? పసుపు గీతలూ, డ్రైవ్‌వేల ముందున్న దించిన కెర్బులూ వదిలేసి మిగిలిన అంచు పొడవు అడుగులతో కొలవండి. కారుకు 5 మీటర్ల చొప్పున భాగిస్తే వీధిలో మొత్తం చోట్లు వస్తాయి. ఎన్ని నిండాయో చూస్తే శాతం తెలుస్తుంది. మామూలుగా 85 శాతం దాటితే వీధి మీద ఒత్తిడి ఎక్కువుందని అంటారు.

లండన్‌లో లాంబెత్ కౌన్సిల్ పెట్టిన సర్వే పద్ధతి ఒకటుంది. బిల్డర్ల కన్సల్టెంట్లు చాలాచోట్ల దాన్నే వాడతారు. దాని ప్రకారం వారం మధ్యలో రెండు రాత్రులు, అర్ధరాత్రి 12:30 నుంచి తెల్లవారుజాము 5:30 మధ్య, స్థలం చుట్టూ 200 మీటర్ల లోపు కార్లు లెక్కపెడతారు. ఇళ్లు కట్టేటప్పుడు ఇది సరైనదే. అందరూ ఇంట్లో నిద్రపోయే వేళ కదా, ఆ వీధివాళ్ల కార్లన్నీ అక్కడే ఉంటాయి. స్కూల్‌కి మాత్రం ఈ లెక్కతో ఒరిగేదేమీ లేదు. అర్ధరాత్రి ఎవరూ పిల్లల్ని బడికి దించరు! కాబట్టి స్కూల్ అప్లికేషన్‌తో పెట్టిన ట్రాన్స్‌పోర్ట్ రిపోర్ట్ తెరిచి, ముందు సర్వే జరిగిన వేళ చూడండి. రాత్రి లెక్క మాత్రమే ఉంటే మీ మొదటి పాయింట్ దొరికినట్టే. ఉదయం 8 నుంచి 9, మధ్యాహ్నం 2:45 నుంచి 3:45 మధ్య కూడా లెక్కపెట్టమని అడగండి. సర్వే సెలవుల్లో జరిగిందేమో కూడా చూడండి. ఆగస్టులో లెక్కపెడితే ఇంగ్లండ్‌లో ఏ వీధైనా ఖాళీగానే కనిపిస్తుంది.

నేను మూడు రోజులు లెక్కపెట్టాను. ఒకటి వాన పడిన రోజు. ఆ రోజు సంఖ్య చూసి నాకే నమ్మబుద్ధి కాలేదు. ఇక్కడ వాన మామూలే కాబట్టి దాన్నీ రాయాలి. ఫొటోలు తీసేటప్పుడు పిల్లల ముఖాలు పడకుండా చూసుకోండి, లేకపోతే ఎవరో ఒకరు వచ్చి అడుగుతారు, అడగడం న్యాయమే.

స్కూల్ ఒక్కసారిగా నిండదు

వీధిలో ఎవరూ గమనించని విషయం ఇది. కొత్త సెకండరీ స్కూల్ సాధారణంగా మొదటి సెప్టెంబర్‌లో ఇయర్ 7 (పదకొండేళ్ల) పిల్లలతోనే మొదలవుతుంది. ఏటా ఒక తరగతి చేరుతూ పోతుంది. ఏడాదికి 30 మంది చొప్పున ఆరు సెక్షన్లు అనుకోండి, 180 మంది. మొదటి ఏడాది గేటు ముందు 180 మందే. ఐదో ఏడాదికి 900. సిక్స్త్ ఫారం (మన ఇంటర్ లాంటి రెండేళ్లు) ఉంటే ఇంకో రెండేళ్లు పెరుగుతూనే ఉంటుంది.

మొదటి ఏడాది చూసి "అబ్బే, ఏమంత ఇబ్బంది లేదే" అనుకుంటారు. కౌన్సిల్ కూడా అలాగే అనుకుని ఫైలు మూసేస్తుంది. నాలుగో ఏడాదికి గానీ అసలు రద్దీ రాదు, అప్పటికి మీరు మాట్లాడాల్సిన గడువులన్నీ దాటిపోయి ఉంటాయి. అందుకే మీ ఉత్తరంలో ఒక వాక్యం తప్పనిసరిగా ఉండాలి: స్కూల్ సగం నిండినప్పుడు ఒకసారి, పూర్తిగా నిండినప్పుడు ఒకసారి ట్రాఫిక్ మళ్లీ కొలవాలి, ఆ షరతు అనుమతిలోనే రాయాలి.

ఇంకోవైపు న్యాయంగా ఒక మాట. ప్రైమరీ స్కూల్ గేటు ముందు కనిపించేంత కార్ల మంద సెకండరీ ముందు ఉండదు. పదకొండేళ్లు దాటాక పిల్లలు సొంతంగా బస్సెక్కి, నడిచి, సైకిల్ మీద వెళ్లడం ఇక్కడ మామూలే. లండన్‌లో 11 నుంచి 15 ఏళ్ల పిల్లలకు జిప్ ఆయిస్టర్ కార్డుతో బస్సు ఉచితం. "తొమ్మిది వందల పిల్లలు, తొమ్మిది వందల కార్లు" అని మా మీటింగ్‌లో ఒకాయన లేచి అరిచాడు. ఆఫీసర్ నవ్వు ఆపుకున్నాడు. ఆ తర్వాత ఆయన ఏం చెప్పినా ఎవరూ వినలేదు. అతిశయోక్తి మన కేసునే పాడు చేస్తుంది.

అసలు రోజంతా నిలబడే కార్లు టీచర్లవి, సిబ్బందివి. వాళ్లెంతమంది, లోపల వాళ్లకు ఎన్ని చోట్లు అన్నది రిపోర్టులో వెతకండి. ఆ తేడా మొత్తం మీ వీధి మీద పడుతుంది.

ఇంట్లో కూర్చుని మీ అవసరాలు రాసుకోండి

పార్కింగ్ ఫారం నింపేముందు ఇంట్లో అందరితో పది నిమిషాలు మాట్లాడండి. ఒక ఇంటికి ఎన్ని పర్మిట్లు ఇస్తారు, రెండో కారుకు రేటెంత, విజిటర్ వోచర్లు ఏడాదికి ఎన్ని? ఇవి కౌన్సిల్‌ని బట్టి మారతాయి, ఫారంతో పాటు వచ్చిన కాగితంలో ఉంటాయి. పర్మిట్ కావాలంటే కారు సాధారణంగా ఆ అడ్రసు మీదే రిజిస్టరై ఉండాలి. మనవాళ్లలో చాలామంది ఇల్లు మారినా లాగ్‌బుక్‌లో (కారు రిజిస్ట్రేషన్ కాగితంలో) అడ్రసు మార్చరు. జోన్ మొదలైన రోజే ఆ సంగతి గుర్తొస్తుంది, అప్పుడు పరుగులు. కంపెనీ కారో లీజు కారో అయితే ఆఫీసు నుంచి ఉత్తరం తీసుకోవాల్సి రావచ్చు, అది ముందే అడిగి పెట్టుకోండి.

మన ఇళ్ల లెక్క వేరు కూడా. ఇండియా నుంచి పెద్దవాళ్లు వస్తే నెలల తరబడి ఉంటారు, ఇల్లంతా రాకపోకలే. ఇంట్లో సత్యనారాయణ వ్రతం పెట్టుకుంటే పదిహేను కార్లు. హాస్పిటల్లో నైట్ షిఫ్ట్ చేసి పొద్దున తొమ్మిదింటికి వచ్చే నర్సమ్మకు, ఆ సమయానికే వీధి నిండిపోయి ఉంటే, జోన్ వరమే. అదే జోన్, పక్కింట్లో నలుగురు కుర్రాళ్లకు శాపం. మీ ఇంటి పరిస్థితి ఏదో అదే రాయండి. పక్కింటివాళ్ల మాటను మీరు మోయక్కర్లేదు.

బ్లూ బ్యాడ్జ్ (నడవలేనివాళ్లకు, వికలాంగులకు ఇచ్చే పార్కింగ్ కార్డు) ఉన్న పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే ఆ సంగతి స్పష్టంగా రాయండి. ఇంగ్లండ్‌లో ఆ బ్యాడ్జ్‌తో, వచ్చిన వేళ చూపే గడియారం కార్డు పెట్టి, సామాను దించడం కూడా నిషేధించిన చోట్లు మినహా, యెల్లో లైన్ మీద 3 గంటల దాకా ఆపుకోవచ్చు. ఇంటి ముందు వికలాంగుల బే (గీతలు గీసి కేటాయించిన పార్కింగ్ చోటు) కావాలంటే అది వేరే దరఖాస్తు.

ఇరుగుపొరుగును అడిగే తీరు

మీరొక్కరే రాస్తే ఒక ఉత్తరం. వీధిలో ఇరవై ఇళ్లు వేర్వేరుగా, తమ మాటల్లో రాస్తే ఆ లెక్కే వేరు. ఒకే ఉత్తరాన్ని కాపీ చేసి పంపితే బలం తగ్గిపోతుంది. పిటిషన్ మీద రెండు వందల సంతకాలున్నా చాలాచోట్ల దాన్ని ఒక్క అభ్యంతరంగానే చూస్తారు.

వాట్సాప్ గ్రూప్ పెట్టండి గానీ దాన్నే నమ్ముకోకండి. గ్రూపులో అరిచేవాళ్లు ఐదుగురే ఉంటారు, వీధిలో ఇళ్లు అరవై. శనివారం పదకొండు గంటలకు తలుపు తట్టండి. ఒకటే ప్రశ్న అడగండి: "మీకు పార్కింగ్ దొరకనిది ఏ వేళలో?" జోన్ కావాలా వద్దా అని మొదటే అడిగితే మనుషులు వెంటనే రెండు పార్టీలైపోతారు. వేళ అడిగితే ఆలోచిస్తారు. ఇంకా జోన్ లేని పక్క వీధిలో అలా అడిగితే తేలిందేమిటంటే, బాధ ఒకటి కాదు. ఉదయం స్టేషన్‌కి పోయేవాళ్లు కార్లు వదిలేసి పోతున్నారు, సాయంత్రం ఆరు దాటాక వీధివాళ్ల కార్లకే చోటు చాలడం లేదు. రెండు రోగాలు, రెండు మందులు.

ఎదురింట్లో ఓ ఇంగ్లిష్ పెద్దాయన ఉంటాడు, ముప్పై ఏళ్లుగా అదే ఇల్లు. ఆయన దగ్గరికి వెళ్లడానికి నాకు మొదట మొహమాటం. తీరా వెళితే టీ ఇచ్చి, గతంలో ఇలాంటి జోన్ ఒకసారి ప్రతిపాదించి వెనక్కి తీసుకున్న కాగితాలు బయటికి తీశాడు. పాతకాపుల దగ్గర పాత కాగితాలుంటాయి. తప్పకుండా అడగండి.

పక్క వీధులవాళ్లను మర్చిపోకండి. జోన్ మీ వీధితో ఆగిపోతే, పర్మిట్ లేని కార్లన్నీ సరిహద్దు దాటి అటు పోతాయి. ఆర్నెల్లలో వాళ్లూ జోన్ అడుగుతారు. చాలా ఊళ్లలో జోన్లు అలాగే వీధి వెంబడి వీధి పాకాయి.

పార్కింగ్ ఉత్తరంలో ఏం రాయాలి

రోగానికి తగ్గ వేళ అడగండి. ఇదే ఇందులో కిటుకు. స్టేషన్‌కి పోయే కార్లు బాధ అయితే రోజంతా నిషేధం అక్కర్లేదు. పగలు ఒక్క గంట, 11 నుంచి 12 దాకా పర్మిట్ తప్పనిసరి చేస్తే చాలు. ఉదయం వదిలి సాయంత్రం తీసుకునేవాళ్లు రారు, మీ చుట్టాలు మధ్యాహ్నం భోజనానికి వచ్చినా ఇబ్బంది ఉండదు. ఇలాంటి గంట జోన్లు చాలాచోట్ల ఉన్నాయి.

స్కూల్ రన్ బాధకు ఈ మందు పనిచేయదు. పిల్లల్ని దించే కారు రెండు నిమిషాలు ఆగుతుంది. పర్మిట్ బేలోనైనా మనిషిని దించడానికి, ఎక్కించుకోవడానికి ఆగితే చాలాచోట్ల తప్పు కాదు. దానికి కావలసింది గేటు ముందు పసుపు జిగ్‌జాగ్ గీతలు, మూలల దగ్గర డబుల్ యెల్లో లైన్లు, లేదా "స్కూల్ స్ట్రీట్". అంటే బడి మొదలయ్యే, వదిలే వేళల్లో ఆ వీధిలోకి బయటి కార్లు రాకుండా మూసేయడం. వీధివాళ్లకు మినహాయింపు ఉంటుంది. 2022 నుంచి లండన్ బయటి కౌన్సిళ్లు కూడా అనుమతి తెచ్చుకుని కెమెరాతో దీన్ని అమలు చేయొచ్చు.

ఉత్తరం ఇంగ్లీషులోనే ఉండాలి గానీ ఆకారం ఇలా ఉంటే చాలు. మొదటి వాక్యంలో మీ వీధి, ఎన్నాళ్లుగా ఉంటున్నారు, ఆర్డర్ నంబరు. తర్వాత మీరు లెక్కపెట్టిన తేదీలు, వేళలు, సంఖ్యలు. ఆ తర్వాత మీరు ఏం వద్దంటున్నారు, దాని బదులు ఏం కావాలంటున్నారు. చివర్లో మీ ఇంటి ప్రత్యేక పరిస్థితి రెండు వాక్యాల్లో. ఒక పేజీ దాటకండి. పైన చెప్పిన 1984 చట్టంలోనే 122వ సెక్షన్ కింద కౌన్సిల్ రాకపోకల భద్రత, సౌకర్యం, ఇళ్లకు వెళ్లే దారి, తగినంత పార్కింగ్ ఇవన్నీ చూసుకోవాలి. మీ కారణాన్ని వీటిలో ఏదో ఒకదానికి ముడిపెట్టండి.

"డబ్బుల కోసమే ఇదంతా" అని కోపంగా రాయాలనిపిస్తుంది. నాకూ అనిపించింది. ఆ మాటకి ఒక చరిత్ర ఉంది. ఉత్తర లండన్‌లో బార్నెట్ కౌన్సిల్ 2011లో ఇంటివాళ్ల పర్మిట్ 40 పౌండ్ల నుంచి 100కి, విజిటర్ వోచర్ 1 పౌండ్ నుంచి 4కి పెంచింది. అట్‌ఫీల్డ్ అనే స్థానికుడు కోర్టుకి వెళితే 2013లో హైకోర్టు అది చెల్లదంది, ఈ చట్టం ఆదాయం కోసం ఉద్దేశించింది కాదని చెప్పింది. అయితే ఆ కేసు గెలిచింది కాగితాల ఆధారంతో. అక్కడి కౌన్సిల్ ఉద్దేశం రికార్డుల్లోనే కనిపించింది. మీ దగ్గర అలాంటి కాగితం లేకపోతే ఆ ఆరోపణ వదిలేసి, పార్కింగ్ లెక్కలు చూపించమని 2000 నాటి సమాచార చట్టం కింద అడగండి. ఫీజు లేదు, 20 పనిదినాల్లో జవాబివ్వాలి. మన సమాచార హక్కు దరఖాస్తు లాంటిదే, పది రూపాయల పోస్టల్ ఆర్డర్ కూడా అక్కర్లేదు.

స్కూల్ అప్లికేషన్ మీద ఏం రాయాలి

స్కూల్ వద్దు అని రాసేవాళ్లు దాదాపు ఎప్పుడూ ఓడిపోతారు. ఇంగ్లండ్ ప్రణాళికా విధానంలో స్కూళ్ల అవసరానికి ఎక్కువ బరువు ఇవ్వాలని స్పష్టంగా ఉంది. రోడ్ల కారణంతో తిరస్కరించాలంటే భద్రతకు ఒప్పుకోలేని ప్రమాదమో, ట్రాఫిక్ మీద తీవ్రమైన ప్రభావమో చూపించాలి. ఇళ్ల ధరలు తగ్గుతాయి, కిటికీలోంచి చెట్లు కనిపించవు అన్న మాటలు లెక్కలోకి రావు.

అదీకాక మనలో చాలామందికి రెండు నాలుకలున్నాయి, నన్ను కలిపి చెబుతున్నాను. నాకు ఇయర్ 5 చదివే అమ్మాయి ఉంది. మంచి స్కూల్ దగ్గర్లో కావాలి. మా గేటు ముందు మాత్రం కాదు. ఈ మాట పైకి అనుకున్నాక ఉత్తరం రాయడం తేలికైంది: "వద్దు" తీసేసి "ఇలా కట్టండి" అని రాశాను.

ఏమేం అడగొచ్చు? పిల్లలు నడిచి వెళ్లే గేటు బస్టాపు వైపు పెట్టమనండి. సన్న వీధి వైపు ఉన్న గేటు అత్యవసరానికే తెరవాలనండి. పక్కనే ప్రైమరీ స్కూల్ ఉంటే రెండింటి వేళల మధ్య కనీసం పావుగంట తేడా అడగండి. సైకిల్ స్టాండ్లు మొదటి రోజు నుంచే ఉండాలి, తర్వాత పెడతాం అంటే ఒప్పుకోవద్దు. కట్టేటప్పుడు లారీలు బడివేళల్లో రాకూడదని షరతు అడగండి. క్రాసింగు, పసుపు గీతలు, స్కూల్ స్ట్రీట్ ఖర్చు స్కూల్ కట్టేవాళ్లే పెట్టుకోవాలని రాయండి, దానికి సెక్షన్ 106 ఒప్పందమనే దారి ఉంది. పిల్లలూ సిబ్బందీ కార్లు తగ్గించి ఎలా వస్తారో చెప్పే ట్రావెల్ ప్లాన్ అనే కాగితం ఒకటి పెడతారు. అందులో అందమైన ఫొటోలుంటాయి. లక్ష్యం తప్పితే ఏం చేస్తారన్నది ఉందో లేదో చూడండి, సాధారణంగా అదే ఉండదు.

ఇంకోటి. సాయంత్రాలు, వీకెండ్ స్పోర్ట్స్ హాలు బయటివాళ్లకు అద్దెకిస్తారు. ఎన్నింటి దాకా, కార్లు ఎక్కడ అని అడగండి. ఇది రాస్తుంటే నాకు నవ్వొచ్చింది. మన ఉగాది, బతుకమ్మ, దసరా వేడుకలన్నీ జరిగేది ఎవరో ఒకరి వీధిలోని స్కూల్ హాల్లోనే. అక్కడ ఇంటి ముందు కారు అడ్డంగా పెట్టినందుకు విండ్‌స్క్రీన్ మీద చీటీ అంటించిన ఆవిడ బాధ నాకు ఆ రోజు అర్థమైంది.

ప్లానింగ్ కామెంట్లు అందరికీ కనిపిస్తాయి, మీ పేరు, అడ్రసుతో సహా. ఫోన్ నంబరు అందులో రాయకండి. ఎవరి కులం, మతం, రంగు గురించి ఒక్క మాట దొర్లినా ఉత్తరం చెత్తబుట్టకే.

మీ పిల్లల సీటు గురించైతే ఇక్కడ కాదు రాయాల్సింది. దూరం ఎలా కొలుస్తారు, సరళరేఖలోనా నడిచే దారిలోనా, తోబుట్టువులకు ముందు సీటా అన్నది ట్రస్ట్ కన్సల్టేషన్లో అడగండి. ఇయర్ 7 దరఖాస్తుకు అక్టోబర్ 31 ఆఖరి తేదీ, సీట్లు చెప్పేది మార్చి 1న. కొత్త స్కూల్ తెరుచుకుంటుందో లేదో తేలకముందే ఆ తేదీ దాటొచ్చు, కాబట్టి ఫారంలో పాత స్కూళ్లు కూడా రాయండి.

కమిటీ ముందు మూడు నిమిషాలు

పెద్ద అప్లికేషన్లు కౌన్సిలర్ల కమిటీకి వెళ్తాయి. మాట్లాడాలంటే ముందే పేరివ్వాలి. చాలా కౌన్సిళ్లలో ఇచ్చేది మూడు నిమిషాలు. ఫోన్లో టైమర్ పెట్టుకుని ఇంట్లో రెండుసార్లు చదవండి. యాస గురించి టెన్షన్ పడకండి, నెమ్మదిగా చదివితే చాలు. ఒక్క ఫొటో, ఒక్క సంఖ్య, ఒక్క కోరిక. నేను మొదట పన్నెండు పాయింట్లు రాసుకున్నాను. మా ఆవిడ చూసి పదకొండు కొట్టేసింది. మిగిలిన ఆ ఒక్కటి, లారీల వేళల షరతు, అనుమతిలో రాశారు. గేటు మాత్రం మారలేదు.

ఆర్డర్ వచ్చాక

ఆర్డర్ తుదిరూపం దాల్చాక కోర్టులో సవాలు చేయడానికి 6 వారాలే గడువు, ఖర్చు ఎక్కువ, లాయర్‌ని అడగకుండా దిగొద్దు. ప్రయోగాత్మక ఆర్డర్ అయితే పరిస్థితి మెరుగు. అది గరిష్ఠంగా 18 నెలలు నడుస్తుంది, మొదటి 6 నెలల్లో అభ్యంతరాలు పెట్టొచ్చు. అప్పటికి మీ దగ్గర ఊహలు కాకుండా అనుభవం ఉంటుంది.

జోన్ పెట్టిన ఏడాదికి సమీక్ష జరుపుతారా అని ముందే రాతలో అడిగి, జవాబు దాచుకోండి. స్కూల్ తెరిచాక ఏటా సెప్టెంబర్ మూడో వారంలో అదే మూలన, అదే నోట్‌బుక్‌తో మళ్లీ లెక్కపెట్టండి. మొదటి వారం వద్దు. ఆ వారం ఇయర్ 7 పిల్లల అమ్మానాన్నలందరూ యూనిఫాం ఫొటోల కోసం గేటు దాకా వస్తారు.